అయాన్ ట్రాప్ సొంత చదువు, 4వ పాఠం: గుంత లేని చోట గోలీ నిలపడం

పోయిన పాఠం చివర్లో ఇచ్చిన లెక్క ముందు తేల్చేద్దాం. అయాన్లను (చార్జ్ ఉన్న అణువులను) ద్రవ్యరాశిని బట్టి వేరుచేసే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో, 28 దగ్గరే ఉన్న రెండు వాయువుల పీకులు (స్పెక్ట్రమ్‌లో లేచే మొనలు) విడిపోవాలంటే ఎంత రిజల్యూషన్ (ద్రవ్యరాశి ÷ తేడా) కావాలి అన్నది ప్రశ్న. కార్బన్ మోనాక్సైడ్ 27.9949, నైట్రోజన్ 28.0061. తేడా 0.0112. 28ని ఆ తేడాతో భాగిస్తే 2,500. ఆ రెండు పీకులు విడిపోవాలంటే రిజల్యూషన్ కనీసం అంత ఉండాలి. ఇథిలీన్ 28.0313 కాబట్టి దాన్ని నైట్రోజన్ నుంచి విడగొట్టడం ఇంకా తేలిక, 1,100 దాటితే చాలు. లెక్క తప్పినవాళ్లు చాలామటుకు తేడాను 28తో భాగించి ఉంటారు. తలకిందులు చేస్తే సరిపోతుంది.

ఇంతవరకు చూసిన క్వాడ్రపోల్‌లో (నాలుగు కడ్డీల మధ్య నుంచి అయాన్లను పంపే వడపోత) అయాన్లు ఒక పక్క దూరి ఇంకో పక్క పోతాయి, మధ్యలో ఆగవు. ఈసారి వాటిని ఆపి కూర్చోబెడతాం. ఈ పాఠం అయ్యేసరికి ఒక ట్రాప్ కొలతలు చూసి, ఏ అయాన్ ఎన్ని వోల్టుల దగ్గర బయటపడుతుందో మీరే లెక్కగట్టాలి. పక్కపక్కనే ఉన్న రెండు పీకుల్ని విడదీయడానికి ఎంత సేపు కావాలో కూడా. కాగితం, పెన్ను, వర్గమూలం వేసే కాల్‌క్యులేటర్ దగ్గర పెట్టుకోండి. మెషీన్ లేకపోయినా పాఠం ఆగదు.

జీను

గోలీలాడినవాళ్లకు తెలుసు, గుంత ఉంటే గోలీ అందులోకి దొర్లి తనే నిలుస్తుంది. అయాన్‌కు అలాంటి గుంతను స్థిరమైన వోల్టేజ్‌తో తవ్వలేం. చుట్టూ ఎన్ని పలకలు పెట్టినా సరే, ఖాళీ జాగాలో ఒక దిక్కున లోయ చేస్తే ఇంకో దిక్కున గట్టు తెగుతుంది. 1842లోనే శామ్యూల్ ఎర్న్‌షా అనే ఇంగ్లండ్ గణితవేత్త ఈ సంగతి తేల్చేశాడు. మనకు దొరికేది గుంత కాదు, గుర్రపు జీను. ముందూ వెనకా పైకి లేచి ఉంటుంది, కుడీ ఎడమా కిందికి జారి ఉంటుంది. దాని నడిమధ్యన గోలీ పెడితే రెప్పపాటులో పక్కకు జారిపోతుంది.

జర్మనీలో బాన్ విశ్వవిద్యాలయంలో వోల్ఫ్‌గాంగ్ పౌల్ 1950లలో పట్టుకున్న కిటుకు ఏమిటంటే, గోలీ జారేలోపే జీనును మార్చెయ్యడం. జారబోయిన వైపు గట్టు లేస్తుంది, వెనక్కి వస్తుంది. ఇంకోవైపు జారబోతుంది, అటూ గట్టు లేస్తుంది. 1989లో నోబెల్ అందుకున్నప్పుడు ఆయన ఈ సంగతిని తిరిగే జీను మీద ఉక్కు గుండు పెట్టే వివరించాడు.

చదివితే నమ్మకం కలగదు, నాకూ కలగలేదు. పలమనేరు మట్టిపనికి పేరున్న ఊరు కదా, అక్కడ తెలిసిన ఒకాయన దగ్గర కరెంటు సారె ఉంటే ప్లాస్టర్‌తో పోసిన జీను ఒకటి చంకన పెట్టుకొని పోయినా. 15 సెంటీమీటర్ల వెడల్పు, అంచు దగ్గర ఒక వైపు సెంటీమీటరున్నర లేచి, అడ్డంగా అంతే దిగి ఉంటుంది.

"ఏంది నైనా ఇది, మూకుడా?" అన్నాడు తిప్పి చూసి.

"దీని మీద గుండు నిలబెట్టాల మామా."

"నిలబడదే."

పచ్చిమట్టి ముద్దతో జీనును సారె మీద అతికించి, వేలు ఆనించి నడిమికి తెచ్చిన తీరు చూడాల. కూజాను ఎట్లా నడిమికి తెస్తాడో అట్లే. సారె మెల్లగా తిరుగుతున్నప్పుడు సైకిల్ బేరింగ్ గుండు వదిలితే టక్కున కింద పడింది. వేగం పెంచి, సెకనుకు రెండు చుట్లు దాకా వచ్చినాక వదిలితే, గుండు నడిమధ్యలో చిన్న చిన్న సున్నాలు చుడుతూ నిలిచింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి కిందికి వంగి చూసినాడు, దారం ఏమన్నా కట్టినానేమో అని.

లెక్క ఇది. తిరుగుడు వేగం వర్గం, 2 × గురుత్వ త్వరణం × అంచు ఎత్తు ÷ అర్ధవ్యాసం వర్గం కంటే ఎక్కువ ఉండాలి. 2 × 9.81 × 0.015 ÷ 0.005625 అంటే 52.3, దాని వర్గమూలం సెకనుకు 7.2 రేడియన్లు. నిమిషానికి 69 చుట్లు. ఇది రాపిడి లేకుండా జారే రేణువుకు వేసిన లెక్క. గుండు దొర్లుతుంది కాబట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది.

రెండు చోట్ల ఈ పోలిక తెగిపోతుందని గుర్తుపెట్టుకోండి. ట్రాప్‌లో జీను గుండ్రంగా తిరగదు, రెక్కల్లా కొట్టుకుంటుంది. పైకి ఉన్నది కిందికి, కిందిది పైకి. రెండోది, సారె మీద గుండు ఎంతోసేపు ఉండదు, రాపిడి దాన్ని మెల్లగా బయటికి లాగేస్తుంది. ట్రాప్‌లో రాపిడి మనకు చుట్టం. అది కాసేపట్లో వస్తుంది.

మూడు ముక్కల లోహం

పౌల్ ట్రాప్‌కు మూడే ముక్కలు. నడుమ ఒక రింగ్, పైనొకటి కిందొకటి ఎండ్‌క్యాప్‌లు. రింగ్ లోపలి తలం ఎట్లా ఉంటుందో తెలియాలంటే ఉద్దివడ చిల్లు చూడండి: నడుమ దగ్గర ఇరుకు, పైకీ కిందికీ పోయేకొద్దీ విచ్చుకుంటుంది. ఎండ్‌క్యాప్‌లు మాత్రం ఉబ్బుగా లోపలికి చూస్తూ ఉంటాయి. అన్నీ హైపర్బోలా వంపులే. ఆ వంపు ఉంటేనే లోపలి బలం నడిమధ్య నుంచి దూరానికి తగ్గట్టు సరిగ్గా పెరుగుతుంది. రెండింతల దూరంలో రెండింతల బలం.

రింగ్‌కు ఆర్ఎఫ్ వోల్టేజ్ (రేడియో తరంగాల వేగంతో ప్లస్, మైనస్ మారే వోల్టేజ్) ఇస్తాం, ఎండ్‌క్యాప్‌లను భూమికి కలుపుతాం. అయాన్ నిలుస్తుందా లేదా అన్నది ఒక్క సంఖ్య చెప్తుంది. ఆ సంఖ్య పేరు క్యూ. (తిరుపతిలో ఉండి క్యూ అంటే ఇంకేదో గుర్తొస్తుంది. దానికీ వస్తాం.)

క్యూ = 8 × చార్జ్ × వోల్టేజ్ ÷ {ద్రవ్యరాశి × (రింగ్ అర్ధవ్యాసం వర్గం + 2 × నడిమధ్య నుంచి ఎండ్‌క్యాప్ దూరం వర్గం) × ఆర్ఎఫ్ కోణీయ వేగం వర్గం}

డీసీ (మారని వోల్టేజ్) ఏమీ కలపనప్పుడు ఈ క్యూ 0 నుంచి 0.908 దాకా ఉన్న అయాన్లన్నీ లోపల ఉంటాయి. 0.908 దాటిన అయాన్ ఊగుడు పెరిగి పెరిగి ఎండ్‌క్యాప్ వైపు దూసుకుపోతుంది. ఆ ఎండ్‌క్యాప్‌లో చిల్లు పెట్టి వెనకాల డిటెక్టర్ ఉంచితే అదే మాస్ స్పెక్ట్రోమీటర్. వోల్టేజ్ పెంచుకుంటూ పోతే ముందు తేలికవి, తర్వాత బరువైనవి వరుసలో బయటికొస్తాయి. 1980లలో మార్కెట్‌లోకి వచ్చిన మొదటి ట్రాప్‌లు ఇదే పద్ధతిలో నడిచాయి.

ఇప్పుడు చేత్తో వెయ్యండి. రింగ్ అర్ధవ్యాసం 1 సెంటీమీటర్, ఎండ్‌క్యాప్ దూరం 0.707 సెంటీమీటర్, ఆర్ఎఫ్ 1 మెగాహెర్ట్జ్. బ్రాకెట్‌లోది 0.0002 చదరపు మీటర్లు అవుతుంది. కోణీయ వేగం సెకనుకు 62.8 లక్షల రేడియన్లు. ఎం/జడ్ (ద్రవ్యరాశి ÷ చార్జ్) 100 ఉన్న అయాన్ 0.908 అంచుకు రావాలంటే 929 వోల్టులు. అంటే ఈ ట్రాప్‌లో ఒక్కో ఎం/జడ్‌కు 9.29 వోల్టులు. ఈ సంఖ్యను అట్టముక్క మీద రాసి గోడకు అంటించుకోండి, ఈ పాఠమంతా పని చేస్తుంది.

ఒక హెచ్చరిక. ఇక్కడ వోల్టేజ్ అంటే సున్నా నుంచి శిఖరం దాకా. ఆసిల్లోస్కోప్ మీద కింది శిఖరం నుంచి పై శిఖరం దాకా చదివి "రెట్టింపు వస్తోందే" అని పవర్ సప్లై విప్పినవాళ్లను చూశాను. అందులో నేనూ ఒకణ్ణి.

చిల్లు చేసిన చేటు

కాగితం మీద హైపర్బోలాకు అంతు ఉండదు. లోహానికి ఉంటుంది. పైగా ఎండ్‌క్యాప్‌కు చిల్లు పెట్టాలి, లేకపోతే అయాన్లు ఎట్లా పోతాయి, ఎట్లా వస్తాయి? ఆ చిల్లు దగ్గర బలం కాస్త సన్నగిల్లుతుంది. బయటికి పోబోతున్న అయాన్ సరిగ్గా అక్కడే తడబడుతుంది. తడబడిన కాసేపట్లో వోల్టేజ్ ఇంకాస్త పెరిగిపోతుంది కాబట్టి, పీక్ ఉండాల్సిన చోటుకంటే పైన కనబడుతుంది. ఇంకా దారుణం ఏమంటే, ఆ ఆలస్యం అన్ని పదార్థాలకూ ఒకటి కాదు. పెళుసుగా విరిగే అయాన్‌కు ఒకలా, గట్టిగా ఉండేదానికి ఇంకోలా. కాబట్టి ఒకసారి క్యాలిబ్రేట్ చేసి ఊరుకోవడానికి లేదు.

దీనికి ఇంజినీర్లు వేసిన మందు నాకు భలే నచ్చుతుంది. ఎండ్‌క్యాప్‌లను రెండు వైపులా బయటికి జరిపారు, అంతే. 0.707 ఉండాల్సిన చోట 0.783, సుమారు 11 శాతం. అట్లా జరిపితే అంచుల దగ్గర బలం కావాల్సినదానికంటే కాస్త ఎక్కువగా పెరుగుతుంది, చిల్లు తగ్గించినదాన్ని పూడుస్తుంది. ఈ సంగతిని కొన్నేళ్లపాటు గుట్టుగా ఉంచారు. బయటివాళ్లు పుస్తకాల్లోని 0.707తో లెక్కలు వేసుకుంటూ తంటాలు పడ్డారు. సొంతంగా ట్రాప్ గీసేవాళ్లకు నేను చెప్పేదొకటే: చిల్లును చివర్లో పెట్టే వివరం అనుకోవద్దు. బొమ్మ గీసేటప్పుడే చిల్లు గీసి, దాని చుట్టూ మిగతా కొలతలు సరిచెయ్యండి.

హీలియం

ట్రాప్ లోపల పూర్తి శూన్యం ఉండదు. కావాలనే 1 మిల్లీటార్ పీడనం దాకా హీలియం వదులుతారు. వాక్యూమ్ పంపులకు అంత ఖర్చు పెట్టి మళ్లీ గ్యాస్ వదలడమేంటని మొదట్లో నాకూ విడ్డూరంగా తోచింది. బయటి నుంచి చిల్లులో దూరిన అయాన్‌కు వేగం ఉంటుంది, అట్లే అవతలి చిల్లులోంచి పోతుంది. హీలియం పరమాణువులకు తగిలి తగిలి ఆ వేగం చస్తుంది. హీలియం తేలిక కాబట్టి అయాన్ దారి మళ్లదు, మందగిస్తుంది. అంతా నడిమధ్యన చిన్న ముద్దగా చేరతాయి. ఒకే చోటు నుంచి ఒకే సమయంలో బయల్దేరితే పీక్ సన్నగా వస్తుంది. సారె మీద గుండును పడేసిన రాపిడే ఇక్కడ అయాన్‌ను మధ్యకు తెస్తుంది.

కంపార్ట్‌మెంట్ లెక్క

కొత్తవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే కాబట్టి కాస్త ఆగుదాం.

తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్స్ చూసినవాళ్లకు వేరే పోలిక అక్కర్లేదు. జనాన్ని కంపార్ట్‌మెంట్లలో కూర్చోబెట్టి, ఒక్కో గది తలుపు తీసి గుంపులుగా వదులుతారు. గదిలో పట్టేంతమందిని పెడితేనే ఎవరు ఎప్పుడు బయటికి వస్తారో చెప్పగలం. బ్రహ్మోత్సవాల రద్దీలా కుక్కేస్తే? తోపులాటలో ముందువాడు వెనక్కి, వెనకవాడు పక్కకు.

అయాన్లన్నీ ఒకే చార్జ్. ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఎక్కువైతే రింగ్ ఇచ్చే బలంతోపాటు పక్క అయాన్ల నెట్టుడు కూడా తగులుతుంది. పీక్ వెడల్పవుతుంది, చోటు మారి ఎక్కువ ఎం/జడ్ వైపు జరుగుతుంది. దీన్నే స్పేస్ చార్జ్ అంటారు. పౌల్ ట్రాప్‌లో లక్ష అయాన్లు పట్టవచ్చు, కానీ పీక్ చోటు మీద భరోసా ఉండాలంటే కొన్ని వందలు, మహా అయితే కొన్ని వేల దగ్గర ఆపాలి.

మంచి మెషీన్లు ముందు కొద్ది సేపు తలుపు తీసి, ఎన్ని వస్తున్నాయో చూసి, దాన్నిబట్టి అసలు నింపే సమయం నిర్ణయిస్తాయి. ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్ అంటారు. సిగ్నల్ తక్కువగా ఉందని దాన్ని ఆపేసి చేత్తో సమయం పెంచే అలవాటు చాలా ల్యాబుల్లో ఉంది. సిగ్నల్ పెరిగిన మాట నిజమే, కానీ ఆ పీక్ ఎవరిదో చెప్పలేం. చూపు పోగొట్టుకొని టార్చిలైటు కొన్నట్టు.

2002లో వచ్చిన సరళరేఖ ట్రాప్‌లు ఈ ఇరుకును కొంత తీర్చాయి. అయాన్లు ఒక చుక్క దగ్గర కాకుండా ఒక గీత పొడవునా పరుచుకుంటాయి, గుండ్రటి ట్రాప్ కంటే పదింతలకు పైగా పడతాయి.

192 కథ

తోతాపురి సీజన్. చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీలు రాత్రీపగలూ నడిచే రోజులు. ఒక ల్యాబులో మామిడి గుజ్జులో కార్బెండజిమ్ ఉందా లేదా అని త్వరగా చూసే పని మాది. మచ్చ తెగులుకు కొట్టే మందు అది. త్వరగా కావాలి కాబట్టి కాలమ్ (పదార్థాలను ముందే వేరుచేసే గొట్టం) పెట్టకుండా, అసిటోనైట్రైల్‌లోకి తీసిన రసాన్ని సిరంజి పంపుతో నేరుగా ట్రాప్‌లోకి పంపిస్తున్నాం. కార్బెండజిమ్‌కు ఒక ప్రోటాన్ చేరితే 192.0768.

"అన్నా, బ్లాంక్‌లోనే 192 వస్తా ఉంది" అన్నాడు నా జూనియర్. బ్లాంక్ అంటే గుజ్జు కలపని ఖాళీ నమూనా.

"నీళ్లు మార్చినావా?"

"మార్చినాన్నా. సిరంజి మార్చినా, ట్యూబింగ్ మార్చినా. పెరిగింది గానీ తగ్గలా."

మధ్యాహ్నం నుంచి పొద్దుపోయేదాకా కడిగిందే కడిగినాం. ఏమీ తోచక ట్రాప్ చేసే అసలు పని దానికి అప్పజెప్పినాం. 192ను మాత్రం ఉంచి మిగతా అన్నిటినీ తోసేసి, దాన్ని హీలియంలో గట్టిగా ఊపి విరగ్గొట్టడం. కార్బెండజిమ్ విరిగితే మిథనాల్ ఊడిపోయి 160 రావాలి. దాన్ని మళ్లీ పట్టి విరిస్తే 132. ఇక్కడ 160 జాడే లేదు. 119 దగ్గర నిటారుగా ఒక పీక్.

119 చూసినాక నేను స్క్రీన్ వదిలి వాడి చేతుల కేసి చూసినా. "చేతికి ఏమన్నా రాసుకున్నావారా?"

"దోమల క్రీమన్నా. సాయంత్రమైతే ఇక్కడ కూర్చోలేం గదా."

ఆ క్రీములో ఉన్నది డీట్. ప్రోటాన్ చేరితే 192.1383. డైఇథైల్ అమైన్ ఊడిపోతే 119. వాడు సిరంజి మార్చినకొద్దీ పీక్ ఎందుకు పెరిగిందో అప్పుడు అర్థమైంది.

ఇక మన అట్టముక్క తీయండి. 192.0768కి 9.29తో గుణిస్తే 1,784 వోల్టులు. డీట్‌కు ఎంత ఎక్కువ కావాలి? తేడా 0.0615, దాన్ని 9.29తో గుణిస్తే 0.57. 1,784 వోల్టుల మీద అర వోల్టు! కావాల్సిన రిజల్యూషన్ 192 ÷ 0.0615, సుమారు 3,100. 28 దగ్గర కావాల్సినదానికంటే పెద్ద ఎక్కువేం కాదు. అయినా ఎందుకు విడిపోలేదు?

సమయం చాలక. ఆ కాలపు ట్రాప్‌లు సెకనుకు 5,555 ఎం/జడ్‌ల వేగంతో స్కాన్ చేసేవి. ఒక ఎం/జడ్‌కు 180 మైక్రోసెకన్లు. 0.0615 దాటడానికి 11 మైక్రోసెకన్లు. మన 1 మెగాహెర్ట్జ్ ఆర్ఎఫ్ అంతలో 11 సార్లే కొట్టుకుంటుంది. 11 ఊపుల్లో అయాన్ ఊగుడు పెరిగి బయటికి రావడమే కష్టం, ఇక పక్కదాని నుంచి వేరుపడటమా? స్కాన్‌ను వందింతలు నెమ్మది చేస్తే 1,100 ఊపులు దొరుకుతాయి. నెమ్మదిగా స్కాన్ చేసి పౌల్ ట్రాప్‌లోనే 30,000 దాటించినవాళ్లు 1990ల మొదట్లోనే ఉన్నారు. కాకపోతే అంత నెమ్మదిలో చూడగలిగేది చిన్న ముక్కే, మొత్తం స్పెక్ట్రమ్ కాదు.

విరగ్గొట్టేటప్పుడు ఒక లోటు గుర్తుంచుకోండి. ఆ సమయంలో అసలు అయాన్‌ను క్యూ 0.25 దగ్గర ఉంచడం అలవాటు. 0.25 ÷ 0.908 అంటే 0.275. అసలు ఎం/జడ్‌లో 27.5 శాతం కంటే చిన్న ముక్కలు లోపల నిలవవు, పుట్టగానే పోతాయి. 192కైతే 53 దాకా కనబడుతుంది, మనకు ఇబ్బంది లేదు. 500 అయాన్ నుంచి 100 ముక్క కోసం చూస్తే మాత్రం ఎంత చూసినా రాదు, గీత 138 దగ్గర ఉంది. లేదని రిపోర్ట్ రాసే ముందు ఈ గుణకారం వెయ్యండి.

కదురు

అయాన్‌ను బయటికి తోసి లెక్కపెట్టడం ఒక దారి. లోపలే ఉంచి దాని ఊగుడు వినడం ఇంకో దారి. అధిక రిజల్యూషన్ అంతా ఈ రెండో దారిలో వచ్చింది.

1923లో కింగ్‌డన్ ఒక గొట్టం నడుమ తీగ పెట్టి, ఆ తీగ చుట్టూ అయాన్లు తిరిగేలా చేశాడు. డెబ్బై ఏళ్లకు పైగా గడిచాక అలెగ్జాండర్ మకరోవ్ ఆ తీగను లావు చేసి, నడుమ ఉబ్బి కొనలు సన్నగిల్లిన కదురులా మలిచాడు. చుట్టూ గొట్టం బదులు దానికి తగ్గ వంపుతో పీపా. 2000లో దీని మీద ఆయన పత్రం అచ్చయింది, 2005లో ఆర్బిట్రాప్ పేరుతో మార్కెట్‌కు వచ్చింది. మొదటి రకంలో కదురు లావైన చోట 12 మిల్లీమీటర్లు, పీపా లోపలి వ్యాసం 30 మిల్లీమీటర్లు. అరచేతిలో పట్టేంత. కదురుకు సుమారు 3,500 వోల్టుల డీసీ, ఆర్ఎఫ్ లేనే లేదు. మరి ఎర్న్‌షా మాట? ఆయన చెప్పింది కదలకుండా నిలబెట్టడం గురించి. ఇక్కడ అయాన్ కదురు చుట్టూ గిర్రున తిరుగుతూనే ఉంటుంది. ఆగితే కదురుకు తగిలి చస్తుంది.

తిరగడంతోపాటు కదురు పొడవునా అటూ ఇటూ ఊయల ఊగుతుంది. మనకు కావాల్సింది ఆ ఊయలే. అయాన్ ఎంత శక్తితో వచ్చింది, కదురుకు ఎంత దూరంలో తిరుగుతోంది అన్నవాటితో ఊయల వేగానికి పని లేదు. ఎం/జడ్ ఒక్కటే దాన్ని నిర్ణయిస్తుంది, దాని వర్గమూలానికి విలోమంగా. ఊగే అయాన్ల గుంపు పీపా గోడలో సన్నటి కరెంటు పుట్టిస్తుంది. దాన్ని విని, ఫూరియర్ పద్ధతిలో ఏ ఏ వేగాలు కలిసి ఉన్నాయో విడదీస్తారు. అయాన్లు గుంపు చెదరకుండా ఒక్కసారిగా లోపలికి రావాలి. అందుకే ముందు చంద్రవంకలా వంగిన ఇంకో ట్రాప్‌లో పోగేసి ఒక్క తోపుతో పంపుతారు. మళ్లీ కంపార్ట్‌మెంటే.

ఇప్పుడు సమయం లెక్క. చేతి లెక్కకు సులువుగా ఎం/జడ్ 192 దగ్గర ఊయల సెకనుకు 4,00,000 సార్లు అనుకుందాం. కార్బెండజిమ్‌కూ డీట్‌కూ ఎం/జడ్‌లో తేడా 10,000కు 3.2 పాళ్లు. వర్గమూలం కాబట్టి ఊయలలో దానికి సగం, 1.6 పాళ్లు. అంటే సెకనుకు 64 ఊపుల తేడా. రెండు శ్రుతుల మధ్య ఆ తేడా చెవికి అందాలంటే కనీసం 1 ÷ 64 సెకను వినాలి. 16 మిల్లీసెకన్లు! మా మధ్యాహ్నమంతా తిన్న గొడవ అది.

ఇంకో జత చూడండి. ఒక అణువులో మూడు కార్బన్లు ఉన్న చోట ఇంకోదానిలో ఒక గంధకం, నాలుగు హైడ్రోజన్లు ఉంటే తేడా 0.0034 మాత్రమే. ఎం/జడ్ 300 దగ్గర 88,000 రిజల్యూషన్ కావాలి. 192కు 4,00,000 అయితే 300కు 3,20,000 ఊపులు, ఎందుకంటే 192 ÷ 300 వర్గమూలం 0.8. ఊయలలో తేడా 1.8. వినాల్సింది అర సెకనుకు పైనే, 0.56 సెకను.

ఆ 0.56 సెకనులో అయాన్ ఎంత దూరం పోతుందో తెలుసా? 1,500 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో 300 అయాన్ సెకనుకు 31 కిలోమీటర్లు పోతుంది. 0.56 సెకనుకు 17 కిలోమీటర్లు దాటుతుంది. అలిపిరి నుంచి కొండ మీదికి ఘాట్ రోడ్డు ఎంతో సుమారుగా అంత. అంత దూరమూ అరచేతిలో పట్టే పీపాలో, దారిలో ఒక్క పరమాణువుకు గట్టిగా తగలకుండా. ఆర్బిట్రాప్‌కు వాక్యూమ్ ఎందుకు అంత కఠినంగా కావాలో, పౌల్ ట్రాప్ కోరుకున్న హీలియం ఇక్కడ ఎందుకు విషమో ఇక వేరే చెప్పక్కర్లేదు.

అయస్కాంతంతో అయాన్లను తిప్పే ఎఫ్‌టీ-ఐసీఆర్ గురించి రెండు ముక్కలే ఈసారికి. 1974లో కొమిసరో, మార్షల్ దీన్ని మొదలుపెట్టారు. 7 టెస్లాల అయస్కాంతంలో ఎం/జడ్ 1000 అయాన్ సెకనుకు 1,07,500 చుట్లు తిరుగుతుంది. రిజల్యూషన్‌లో దాన్ని మించింది లేదు, ద్రవ హీలియం బిల్లులో కూడా.

ఎక్కువ సేపు వింటే మేలు కదా, ఎప్పుడూ గరిష్ఠ రిజల్యూషన్ పెడితే పోలా అని సాఫ్ట్‌వేర్ మెనూ చూసినప్పుడల్లా బుద్ధి పుడుతుంది. కాలమ్ నుంచి ఒక పదార్థం 3 సెకన్ల పాటు వస్తుందనుకోండి. ఒక్కో వినికిడికి 0.56 సెకను అయితే ఆ పీక్ మీద 5 చుక్కలే పడతాయి. 5 చుక్కలతో కొండ ఆకారం గీసి దాని వైశాల్యం కొలుస్తారా? ఎంత ఉందో తేల్చాల్సిన పనికి నేను పెట్టను. ఏముందో తెలియనప్పుడు పెడతాను. 192 లాంటి గొడవైతే పాత ట్రాప్‌లో విరగ్గొట్టి చూస్తాను, దానికి ఆర్బిట్రాప్ అక్కర్లేదు.

ఇంటి పని

ఒకటి: మన ట్రాప్‌లో అన్ని కొలతలూ సగం చెయ్యండి, ఆర్ఎఫ్ అదే 1 మెగాహెర్ట్జ్. ఒక్కో ఎం/జడ్‌కు ఎన్ని వోల్టులు? జవాబు 2.32 వస్తే సరే. మరి అందరూ చిన్న ట్రాప్‌లే ఎందుకు చెయ్యరో రెండు వాక్యాల్లో రాయండి. కంపార్ట్‌మెంట్ లెక్క మళ్లీ చదివి రాయండి.

రెండు: ఒక ఆక్సిజన్ ఉన్న చోట ఇంకో అణువులో ఒక కార్బన్, నాలుగు హైడ్రోజన్లు ఉంటే తేడా 0.0364. ఎం/జడ్ 300 దగ్గర ఈ జతను విడగొట్టడానికి ఆర్బిట్రాప్ ఎంత సేపు వినాలి? 3,20,000 ఊపులే తీసుకోండి. 50 మిల్లీసెకన్ల చుట్టుపక్కల రావాలి.

మూడు: 0.707 బదులు 0.783 పెట్టి ఎం/జడ్ 192.0768కు వోల్టేజ్ మళ్లీ కట్టండి. రింగ్ అర్ధవ్యాసం మారలేదు, బ్రాకెట్‌లో రెండో పదం మాత్రమే మారుతుంది. 1,784 కంటే ఎంత ఎక్కువో చూసి పెట్టుకోండి, ఐదో పాఠం ఆ సంఖ్యతోనే మొదలవుతుంది.